గుట్ట మీది కేక

మూడు రాళ్ల పొయ్యి మీద ఎసరు పెట్టి, కడిగిన బియ్యం గిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కార్తీకంలో ప్రతి ఏడూ ఇదే. బోథ్ దాటాక వచ్చే పెద్దగుట్ట కింద మా ఇంటి వనభోజనాలు. మా వైపు అంతకు మించిన ఎత్తు లేదంటారు. మగవాళ్లు, పిల్లలు కొన దాకా ఎక్కి అక్కడినుంచి ఓ కేక వేస్తారు. ఆ కేక వినపడగానే కింద మేము ఎసట్లో బియ్యం పోయాలి. వాళ్లు దిగేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండాలి. గుట్ట ఎంత ఎత్తని నన్నడిగితే, అన్నం ఉడికేంత అని చెబుతాను.

పెళ్లైన ఏడాది నేనూ ఎక్కుతానని అడిగాను. మా ఆయన ఓంప్రకాశ్ నవ్వాడు. "పైన ఏమున్నదే? రాళ్లు. నువ్వొస్తే బువ్వ ఎవరు వండాలె?" రాళ్ల కోసం ఏటేటా ఎందుకు ఎక్కుతున్నట్టో నేను అడగలేదు. అత్త శంకరవ్వ పొగకు కళ్లు తుడుచుకుంటూ, "నేను గూడ గట్లనే అడిగిన బిడ్డా" అంది. అంతే.

అత్త మొన్న ఎండాకాలంలో పోయింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఎవరినీ గుర్తుపట్టలేదు. వరండాలో ఎవరైనా గట్టిగా పిలిస్తే మాత్రం ఆమె చేతులు దుప్పటి మీద తడుముకునేవి. "బియ్యమేడున్నయే? కేకేసిండ్రు" అనేది. మతి తప్పిందన్నాడు మా ఆయన. తప్పలేదు, అదొక్కటే మిగిలింది. నేను బయటికి వెళ్లి ఏడ్చాను.

ఈ ఏడు అత్త కూర్చునే చోట నా బిడ్డ నవీన కూర్చుంది. నిరుటిదాకా అందరికన్నా ముందు ఎక్కి కేక వేసింది అదే. పొద్దున చెప్పులు వేసుకుంటుంటే వాళ్ల బాపు ఆపాడు. "పెద్దపిల్లవైనవ్. నాయనమ్మ లేదు గద, అమ్మకు జర ఆసరాగుండు." అది చెప్పులు విడిచి ఉల్లిగడ్డలు కోసింది. ఆ కన్నీళ్లు ఉల్లిగడ్డల వల్లే అనుకోవడానికి నేను మగవాణ్ని కాను.

పైనుంచి కేక వినపడింది. నేను కదలకముందే నవీన బియ్యం గిన్నె అందుకుంది. ఎవరూ చెప్పలేదు. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"కింద పెట్టు బిడ్డా. చెప్పులేస్కో" అన్నాను.

సగం దారిలో దిగుతున్నవాళ్లు ఎదురయ్యారు. "అన్నమేదే?" అన్నాడు మా ఆయన.

"ఎసరు మసులుతున్నది. బియ్యం పక్కకే ఉన్నయి. మేము పైకి పోయి కేకేస్తం, అప్పుడు పోయుండ్రి."

ఆయన ఇంకేదో అన్నాడు. మేము ఆగలేదు.

పైన నిజంగానే రాళ్లే ఉన్నాయి. గాలి ఉంది. పత్తి చేలు, దూరంగా ఇచ్చోడ రోడ్డు మీద లారీలు కనిపించాయి. కింద మా పొయ్యి పొగ సన్నగా లేస్తోంది. దాని పక్కన మనిషి ఉన్నదీ లేనిదీ ఇక్కడినుంచి తెలియదు.

నవీన రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేక వేసింది.

నా చేతులు బియ్యం కోసం తడుముకున్నాయి.

అది చూసింది. "ఏమైందమ్మా?"

"ఏం లేదు బిడ్డా. మల్ల ఎయ్యి" అన్నాను. "నా చేతులు ఊకునేదాకా ఎయ్యి."