నీళ్లోసుకున్న మాట

హేమకు ఎనిమిదో వారం. పొట్ట ఎత్తు లేదు, నడకలో తేడా లేదు. లోపల మాత్రం పెద్ద గలాటా. ఇంగువ డబ్బా మూత తీస్తే చాలు, పేగులు గొంతులోకి వస్తాయి. ఆమె పని చేసేదేమో ఒడిశాలోని బరంపురంలో ఒక అప్పడాల కార్ఖానాలో. తడి అప్పడాల తట్ట నెత్తిన పెట్టుకుని రెండంతస్తులెక్కి డాబా మీద ఆరబెట్టాలి. ఇంగువ వాసన ఘాటుగా తగలని చోటు అక్కడ ఒక్కటే, కింద ప్యాకింగ్ గది. ఆ గదిలో సీటు కావాలి హేమకి. అంతకన్నా ఏమీ అడగడం లేదు.

"మూడో నెల దాటీదాకా నోరిప్పకు. దిష్టి తగల్తాది," అంది అత్త అప్పలనర్సమ్మ.

"అంతవరకూ మెట్లు ఆగుతాయేటత్తా?"

భయం దిష్టిది కాదు, సూపర్‌వైజర్ అమిత్‌ది. కిందటేడు కొడల అనే ఊరి నుంచి వచ్చిన అమ్మాయికి కడుపని తెలియగానే ఇంటికి పంపేశాడు.

గురువారం పొద్దున్న మెట్ల మధ్యలో కళ్లు తిరిగాయి. తట్ట మెట్టు మీద దించి, సరాసరి అమిత్ ముందుకెళ్లి నిలబడింది హేమ. ఇచ్ఛాపురం పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చి ఏడాదే. ఒడియా వింటే అర్థమవుతుంది. మాట్లాడాలంటే తెలుగునే ముక్కకి ముక్క మారుస్తుంది. నీళ్లోసుకున్నానని చెప్పాలి. చెప్పింది.

"అమిత్ బాబూ, ము పాణి ఢాళి దేలి."

ఒడియాలో దానికి ఒకటే అర్థం, నీళ్లు ఒలకబోశానని. డాబా మీద నాలుగు వేల అప్పడాలు ఆరుతున్నాయి! అమిత్ ఒక చెప్పు వదిలేసి రెండేసి మెట్లెక్కాడు. వెనకాల ఆడవాళ్లందరూ పరుగు, ఆఖర్న హేమ. పైన చుక్క తడి లేదు.

"ఎక్కడ పోశావు?" ఒడియాలో అరిచాడు.

హేమ పొట్ట మీద చెయ్యి పెట్టింది.

పనివాళ్లలో అందరికన్నా పాతదైన ఈశ్వరమ్మకి ముందు వెలిగింది. డాబా మీదే కూలబడి నవ్వింది. "ఓలమ్మో! ఒలకబొయ్యనేదర్రా, నీల్లోసుకుందీ గుంట!" అని, అదే ఒడియాలో అమిత్‌కి చెప్పింది. డాబా అంతా నవ్వులే.

అమిత్ కూడా నవ్వాడు. అప్పడాలు బాగున్నాయి కదా. ఆ తర్వాత పెద్దమనిషి మొహం పెట్టాడు. "మంచి కబురు. ఇంటికెళ్లి పడుకో. బిడ్డ పుట్టాక చూద్దాం."

నవ్వులు ఆగిపోయాయి. శుభాకాంక్షలు చెప్పి గేటు చూపించడం ఈ సూపర్‌వైజర్లకి బాగా అలవాటు.

ఈసారి హేమ ఒడియా వెతుక్కోలేదు. "పడుకోడానికి నాకు జొరమొచ్చిందేటి? కడుపొచ్చింది. సేతులు పడిపోనేదు. ఆసుపత్రి ఆశా దీదీ బరువు మొయ్యొద్దంది, పని మానీమననేదు. నాను ప్యాకింగులో కూకుంటాను. నన్ను పంపీసినావనుకో, రేపు ఇంకో దానికి నెల తప్పితే నీకు సెప్పదు. దాసుకుని మెట్లెక్కుతాది. తట్టతో పాటు పడతాది. ఈస్వరమ్మత్తా, ఒక్క ముక్క ఇడవకుండా సెప్పు."

ఈశ్వరమ్మ విడవలేదు. తన సొంతవి నాలుగు కలిపింది కూడా.

"ప్యాకింగులో ఖాళీ లేదు," అన్నాడు అమిత్.

"ఉంది. నాది," అంది ప్యాకింగ్ నాగేశ్వరి వెనక నుంచి. "కూకుని కూకుని నడుం పట్టీసింది. తట్టలు నాను మోస్తాను."

అమిత్ అందరి మొహాలూ చూశాడు. ఒక్కరూ కిందికి కదల్లేదు. ఒక్కరూ తట్ట ముట్టలేదు. ఎండ ముదురుతోంది, ఆరబెట్టాల్సిన తట్టలు ఇంకా కిందే ఉన్నాయి.

"సరే. రేపట్నుంచి."

"రేపేటి? ఇప్పుడే," అని హేమ మెట్లు దిగింది. నెమ్మదిగా, గోడ పట్టుకుని.

ప్యాకింగ్ గదిలో కూర్చుని మొదటి కట్ట తూచి, కవరు మూతి అతికించింది. రెండోది. పదోది. పది రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది.

"ఒలే నాగేస్వరీ, నీ డబ్బాలో మరమరాలు నాను తినేత్తన్నాను!" అని పైకి కేకేసింది.