ఆవిరి పట్టే దీపం

గాజు కార్ఖానాలో అందరికీ ఆమె వదినే. మేస్త్రిని అందరూ అన్నా అంటారు కాబట్టి ఆయన భార్య వదిన అయింది. మేస్త్రి కంటే బాగా పెద్దవాడైన ముక్కుతాత కూడా "వదినా, ఈ పెట్టెలో ఇంకాస్త గడ్డి దట్టించు" అనేవాడు. ఆమె పని సర్దడం. ఊదిన గాజు చల్లారాక అంచులు తడిమి చూసి, పగుళ్ళు లేనివాటిని గడ్డి పరిచిన పెట్టెల్లో పేర్చాలి. సాయంత్రం ఇంటికి చేరేసరికి జడలో ఒక్క గడ్డిపోచైనా ఉండేది. అది ఆమె ఎప్పుడూ తీసుకోలేదు, తీసే పని మేస్త్రిది.

ఆ గాజు సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. ఊదినవాడి ఊపిరి అందులో ఉండిపోతుంది, చావదు. ముక్కుతాత ఊదిన సీసాలు మధ్యాహ్నం పూట సన్నగా గురక పెడతాయి. ఆయన తమ్ముడు పోయి ఏళ్ళయినా అతని జాడీలు వాన వచ్చే ముందు తుమ్ముతాయి. బట్టలు ఉతికి ఆరేసే వాళ్ళు వాటిని ఏరి కోరి కొనుక్కెళ్తారు. గురక పెట్టే సీసాలో నూనె పోస్తే చెడిపోతుందా అని అడిగినవాళ్ళున్నారు గానీ, సీసా గురక పెట్టడమేమిటని అడిగినవాళ్ళు లేరు.

మేస్త్రి గాజుకి ఆవిరి పడుతుంది. పెళ్ళైన కొత్తలో ఆయన ఆమె కోసం ఒక దీపం బుడ్డి ఊదాడు. అది వంటింటి కిటికీలో ఉండేది. ఒకరోజు పొద్దున్నే అది మసకబారితే వదిన గుడ్డతో తుడిచింది. తుడిచినా పోలేదు, ఆవిరి లోపల ఉంది.

"ఇదేమిటండీ, ఇలా అయింది?"

"నువ్వు గుర్తొస్తే అలా అవుతుంది," అన్నాడు మేస్త్రి.

ఆ మాటని ఆమె కొంగున ముడేసుకుంది. దీపం మసకబారిన రోజు శ్రద్ధగా తల దువ్వుకునేది. ఆయన వచ్చే వేళకి గుమ్మంలోనే నిలబడేది. ఎండలు ముదిరినప్పుడు, పని ఎక్కువై ఆయన అలిసిపోయినప్పుడు, ఒళ్ళు వెచ్చబడినప్పుడు దీపం తరచుగా మసకబారేది. అంత అవస్థలోనూ తనే గుర్తొస్తోందని మురిసిపోయేది. మర్నాడు ఆయన మీసం కింద పెదవి మీద నీటిపొక్కులు లేచేవి. "కొలిమి సెగ," అనేవాడు. కొలిమి ముందు నిలబడేవాడి పెదవి కాలిందంటే నమ్మకపోవడానికి ఏముంది? కార్ఖానాలో అదో సరదా కూడా. అరలోని ఆయన సీసాలు మసకబారితే చాలు, "వదినా, అన్నకి గాలి నీ వైపు మళ్ళింది, తొందరగా ఇంటికి వెళ్ళు" అని ఏడిపించేవాళ్ళు. ఆమె కోపం నటించేది. ఇంటికి మాత్రం తొందరగానే వెళ్ళేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, నాలుగు వీధుల అవతల కాపురం. ఆ అమ్మాయికి నెలలు నిండుతున్న రోజుల్లో వదినకి జ్వరం వచ్చింది. దాంతోపాటు చెప్పుకోలేని చోట పుండ్లు. ఒంటికి వెళ్ళాలంటే నిప్పులు పోసినట్టుండేది. సిగ్గు చంపుకుని, మొగుడికి చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది.

"హెర్పిస్," అంది డాక్టరమ్మ, జలుబు అన్నంత మామూలుగా.

ఆ పేరు వదిన బయట గోడ మీద సుఖవ్యాధుల పట్టికలో చూసింది. "అంటే, ఆయన ఎక్కడికో..."

"దీన్ని బట్టి ఆ మాట అనలేం. ఇది చర్మం నుంచి చర్మానికి అంటుకుంటుంది. పెదవుల మీద పొక్కులు వస్తుంటాయి చూడండి, ఆ రకమే కిందకీ రావచ్చు. చాలామందికి చిన్నప్పుడే ఎవరి ముద్దుతోనో వచ్చి ఉంటుంది, ఉన్నట్టు కూడా తెలియదు. ఏళ్ళ తరబడి నరాల్లో పడుకుని ఏదో ఒకరోజు లేస్తుంది. మీకు ఎప్పుడు అంటుకుందో నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు."

"పోతుందా?"

"పుండ్లు పోతాయి, అది పోదు. ఈ మాత్రలతో త్వరగా తగ్గుతుంది. మాటిమాటికీ వస్తుంటే రోజూ వేసుకునే మందుంది. దీంతోనే ముసలివాళ్ళయి, మనవల్ని ఎత్తుకుని, ఇంకేదో రోగంతో పోయినవాళ్ళు కోకొల్లలు." డాక్టరమ్మ నవ్వింది. "ఎండ, జ్వరం, అలసట, దిగులు దీన్ని లేపుతాయి. లేచే ముందు ఆ చోట చిమచిమలాడుతుంది. అప్పటి నుంచి పుండు పూర్తిగా మానేదాకా దూరంగా ఉండాలి. మామూలు రోజుల్లోనూ ఒక్కోసారి అంటుతుంది. కండోమ్ వాడితే ఆ ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు."

"మా అమ్మాయి ఇవాళో రేపో ప్రసవించేట్టు ఉందమ్మా."

డాక్టరమ్మ నవ్వు ఆగింది. "పెద్దవాళ్ళకి ఇది చికాకు. పురిటిబిడ్డకి ప్రాణం మీదకి తెస్తుంది. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్ళు, లేస్తున్నట్టు అనిపించినవాళ్ళు బిడ్డని ముద్దు పెట్టుకోకూడదు. అసలు ఎవరూ నోటి మీద పెట్టకపోతే ఇంకా మంచిది. మీరు చేతులు శుభ్రంగా కడుక్కుని నిక్షేపంగా ఎత్తుకోండి."

ఇంటికి నడుస్తుంటే వదినకి నెత్తిన పాలు పోసినట్టుంది. రోగం వచ్చిందని కాదు, మొగుడు చెడ్డవాడు కాదని. అనుమానపడ్డందుకు సిగ్గేసింది. ఆయన రాగానే అంతా చెప్పి క్షమించమని అడుగుదామనుకుంది. వంటింట్లోకి వెళ్ళేసరికి కిటికీలో దీపం మసకబారి ఉంది. చెయ్యి అలవాటుగా దువ్వెన మీదకి పోయింది. సగం జడ దువ్వాక ఆగిపోయింది. ఎండ, జ్వరం, అలసట. డాక్టరమ్మ చెప్పినవన్నీ ఈ దీపం మసకబారే రోజులే.

ఆ సాయంత్రం ఆమె గుమ్మంలో నిలబడలేదు. ఆయన లోపలికి రాగానే గడ్డం పట్టుకుని ముఖం వెలుగు వైపు తిప్పింది. మీసం చివర, పెదవి మూల ఎర్రగా ఉంది. పొక్కు ఇంకా లేవలేదు.

"చిమచిమలాడుతోందా?"

"నీకెవరు చెప్పారు?" అన్నాడు మేస్త్రి.

ఏమిటని అడగలేదు, ఎందుకని అడగలేదు. ఆ ఒక్క మాటతో ఆయనకి ముందునుంచీ తెలుసని ఆమెకి అర్థమైంది. ఆ తర్వాత ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చుని, మెల్లగా ఒక్కొక్కటే బయటపెట్టాడు. పెళ్ళికి ముందే ఒక డాక్టరు చెప్పాడట. పొక్కు లేచిన రోజుల్లో ఊదే గొట్టం ఇంకొకరికి ఇవ్వొద్దు, ఎవరినీ ముద్దు పెట్టుకోవద్దు అని. కానీ కార్ఖానాలో గొట్టం నోళ్ళు మారుతుంది. ఒకడు మొదలుపెట్టిన సీసాని ఇంకొకడు పూర్తి చేస్తాడు. తుడిచి ఇస్తే అవమానం, ఇవ్వనంటే పని లేదు. అందుకని నోరు మూసుకున్నాడు. మూసుకున్నవాడే మేస్త్రి అయ్యాడు.

"సరే, వాళ్ళకి చెప్పలేదు. నాకు?"

"పెళ్ళి తప్పిపోతుందనుకున్నాను."

"పెళ్ళయ్యాక?"

"దీపం చూసి నువ్వే అడిగావు. నోటికేదో వచ్చింది, అనేశాను. నువ్వు అంత సంతోషపడ్డావు. ఇంకెలా వెనక్కి తీసుకోను?"

వదిన ఏడవలేదు. "మీరు నన్ను దూరం పెట్టాల్సిన రోజుల్లోనే నన్ను గుమ్మంలో నిలబెట్టుకున్నారు," అంది. "ఇంకో ఆడదాని దగ్గరకి వెళ్ళుంటే తిట్టుకోవడానికి ఓ మనిషైనా ఉండేది."

ఆమె తన పడకని గడ్డి దాచే గదిలోకి మార్చుకుంది. రోగం ఆమెని అంతగా బాధించలేదు. మాత్రలకి పుండ్లు మానిపోయాయి. గడిచిన రోజుల్ని ఒక్కొక్కటే తవ్వుకుంటూ, ఏ రోజు ఎంత మురిసిపోయిందో గుర్తు చేసుకోవడం మాత్రం మానలేదు. తన కాపురంలో తనకిష్టమైన రోజులన్నీ ఆయన అబద్ధం చెప్పిన రోజులే.

కూతురు ఆడపిల్లని కంది. కార్ఖానా కుటుంబాల్లో బిడ్డ పుడితే కొలిమి దగ్గరకి తీసుకొస్తారు. మేస్త్రి బిడ్డ పేరు మీద చిన్న గాజు బుడగ ఊదుతాడు. ఆ వెంటనే బిడ్డ పెదవుల మీద పెదవులు ఆనించి ఒక చిన్న ఊపిరి ఇస్తాడు. దాన్ని కొలిమి ఊపిరి అంటారు. అక్కడున్న మగవాళ్ళందరూ పుట్టిన కొత్తలో అది తీసుకున్నవాళ్ళే.

"ఈసారికి ఆ ఊపిరి వద్దు," అంది వదిన ముందే. డాక్టరమ్మ మాటలు పొల్లుపోకుండా చెప్పింది.

"సొంత మనవరాలికి మేస్త్రి ఊపిరి ఇవ్వకపోతే వందమంది వంద అంటారు. నాకు పొక్కు ఉంటే నేనే ఏదో సాకు చెప్పి తప్పుకుంటాను. నీ మీద ఒట్టు."

ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. కానీ ఇన్నేళ్ళు నమ్మిన అలవాటు అంత తొందరగా పోదు. పైగా తన దగ్గర దీపం ఉంది.

బిడ్డని కొలిమి దగ్గరకి తెచ్చే రోజు పొద్దున వంటింటి కిటికీలో దీపం లేదు. "బుడ్డి కదులుతోంది, బాగుచేయడానికి పట్టుకెళ్ళాను," అన్నాడు మేస్త్రి. కార్ఖానాలో ఆయన ఊదిన సరుకు అరలో ఒక్కటీ లేదు. నిన్న సాయంత్రమే ఆయన తొందరపెట్టి అంతా ఆమె చేతే గడ్డిలో సర్దించి, పెట్టెలకి మేకులు కొట్టించాడు. వదినకి అనుమానం తగిలింది. ఆయన పెదవి చూద్దామంటే కొలిమి వెలుగులో అందరి ముఖాలూ ఎర్రగానే ఉన్నాయి.

మేస్త్రి గొట్టం తిప్పుతూ బుడగ ఊదాడు. నిమ్మకాయంత బుడగ, మంచి పనివాడి పని. గొట్టం నుంచి విడదీసి చల్లార్చే ఇసుక మీద పెట్టాడు. అందరూ చూస్తుండగానే దానికి లోపల తెల్లగా ఆవిరి పట్టింది.

కార్ఖానా అంతా నవ్వు. "వదినా, ఇంతమందిలోనూ అన్నకి నువ్వే గుర్తొచ్చావు," అన్నాడు ముక్కుతాత.

మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే కూతురి చేతుల్లో ఉన్న బిడ్డ మీదకి వంగాడు.

వదిన చెయ్యి మధ్యలోకి వెళ్ళింది. ఆయన పెదవులు ఆమె అరచేతి వెనక ఆనాయి. ఆమె ఆయన్ని నెట్టలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఆయనకి నేను గుర్తు రాలేదు," అంది, అందరికీ వినపడేట్టు. "పెదవి మీద పుండు లేస్తోంది. ఎప్పుడు లేచినా ఆయన గాజుకి ఆవిరి పడుతుంది. ఇన్నేళ్ళూ మీరు నవ్వింది దానికే, నేను మురిసింది దానికే. దాని పేరు హెర్పిస్. నాకూ ఉంది, ఆయన దగ్గర నుంచే వచ్చింది. పాపకి తగిలితే ప్రాణం పోవచ్చు."

కూతురు బిడ్డని గుండెకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. వదిన ముఖం మండిపోతోంది. చెప్పుకోలేని చోటి రోగాన్ని ఇంతమంది మగవాళ్ళ ముందు చెప్పేసింది, ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ముందుగా ముక్కుతాత గొంతు సవరించుకున్నాడు. "ఆ పొక్కులా? అవి నాకు చిన్నప్పట్నుంచీ వస్తాయి. మా అమ్మకీ వచ్చేవి. దీనికో పేరుందా?"

"నాకూ వస్తాయి," అన్నాడు కొలిమి ఎగదోసేవాడు. ఇంకొకడు తన పెదవి తడుముకున్నాడు.

"సగం మందికి ఉన్నదాన్ని ఇంత కష్టపడి దాచావేంటి అన్నా?" అన్నాడు ముక్కుతాత. హేళనగా కాదు, అర్థంకాక అడిగాడు. కూతురు మేస్త్రి వైపు చూడకుండా చెయ్యి చాపి, చల్లారిన బుడగని తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత కార్ఖానాలో ఎవరి గొట్టం వాళ్ళదైంది. పొక్కు లేచినవాడు ఆ వారం ఊదడు, వదిన దగ్గర కూర్చుని గడ్డి దట్టిస్తాడు. బిడ్డలకి బుడగ ఊదుతారు గానీ, నోటి ఊపిరి ఎవరూ ఇవ్వరు. కూతురు ఆ బుడగని ఉయ్యాల పైన కట్టింది. అది మసకబారిన రోజు ఫోన్ చేస్తుంది. "అమ్మా, ఈ వారం నాన్నని రానివ్వకు," అంటుంది. ఏమీ లేని రోజుల్లో కూడా మనవరాలి బుగ్గ ఆయనకి దక్కలేదు, పాదాలే దక్కాయి. ఆ పాదాలు ఇప్పుడు ఇల్లంతా పరిగెడుతున్నాయి.

వదినకి ఆ తర్వాత మళ్ళీ ఒకటి రెండుసార్లు వచ్చింది. చిమచిమ తెలుస్తూనే మాత్ర వేసుకుంటుంది, పని తగ్గించుకుంటుంది, తగ్గాక మర్చిపోతుంది. రోగంతో ఆమెకి సర్దుబాటైంది. మేస్త్రి కూడా రోజూ మందు వేసుకుంటున్నాడు కాబట్టి దీపం మసకబారడం అరుదైంది. ఆ రోజు ఆయన కార్ఖానా పెట్టెలో దాచిన దాన్ని ఆమే మేకులు ఊడబెరికి, తీసి, మళ్ళీ కిటికీలో పెట్టింది.

మొన్నటి ఎండల్లో ఒక సాయంత్రం, పని నుంచి వచ్చి ఆమె గిన్నెలు కడుగుతుండగా దీపం మసకబారింది. గుండె ఒక్కసారి ఎగిరింది. తడిచేత్తో దువ్వెన అందుకుని జడ విప్పుకుంది. దువ్వెన నెత్తి మీద ఆనాక గాని ఆ మసక ఏమిటో గుర్తు రాలేదు. దువ్వెన పట్టుకుని అలాగే నిలబడింది.

మేస్త్రి వచ్చి గుమ్మం బయటే ఆగాడు. ఈ మధ్య ఆమె అడగకుండానే చెప్తున్నాడు. "పొద్దుట్నుంచీ చిమచిమలాడుతోంది," అన్నాడు. చెప్పులు విడుస్తూ, "నువ్వు గుర్తొచ్చావు కూడా," అన్నాడు.

నిజమే అయ్యుండొచ్చు. వదిన దీపం వైపు చూసింది. ఆవిరి ఒకే తెలుపు, దాన్నిబట్టి ఏ సంగతీ తేలదు.

విప్పిన జుట్టులో చేతికి గడ్డిపోచ తగిలింది. గుమ్మంలో ఆయన చెయ్యి కొంచెం కదిలి ఆగిపోయింది. ఆమె దాన్ని తనే తీసి, కిటికీలోంచి బయట పడేసింది.