పులికి వన్స్ మోర్

పులి వేషం ఆడమనిషి వేస్తే పులికే మర్యాద తక్కువని కనిపెట్టిన మహానుభావుడు పుంగనూరులో ఒక హెడ్మాస్టరు. ఆయన పేరు నేను చెప్పను. చెబితే ఆయన మనవళ్ళు పోట్లాటకొస్తారు. వాళ్ళూ నా పులిని చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే మరి.

డెబ్బైల్లో సంగతి. మదనపల్లెలో ఈశ్వరప్పన్న ఒక నాటక కంపెనీ పెట్టాడు. పిల్లలకు మాత్రమే ఆడతాం, పెద్దలకు ఆడం అని ఆయన పట్టు. వేషాలు కట్టేది మాత్రం మేమే, మీసాలు నెరిసిన మగవాళ్ళూ, నాబోటి ఆడవాళ్ళూ. అదే మా పని, అదే మా కూడు. ఊరూరా బడి మైదానాల్లో పగటిపూట ఆడేవాళ్ళం. సామానంతా బస్సు టాపు మీద వేసి పుంగనూరుకో, వి.కోటకో, కుప్పానికో పోయేవాళ్ళం. పులి తలను మాత్రం టాపు మీద వేయనిచ్చేదాన్ని కాదు, నా ఒళ్ళోనే పెట్టుకునేదాన్ని. "దీనికి టికెట్టు లేదా?" అని ప్రతి కండక్టరూ ఆ మాట తనకే తోచినట్టు అడిగేవాడు. "దాన్నే అడుగప్పా" అనేదాన్ని.

మా నాటకంలో పులి సంతకొస్తుంది. టమోటాలవాడు దాన్ని మోసం చేస్తాడు, దుప్పట్లవాడు మోసం చేస్తాడు. చివరికి బజ్జీలమ్మే అవ్వ దాని నోట్లో ఒక మిరపకాయ బజ్జీ పెడుతుంది. అది కొయ్యతో చేసి రంగేసిన బజ్జీ. పులి అది మింగినట్టు చేసి, గంతులేసి, గిరగిరా తిరిగి, దబ్బున పడి చచ్చిపోతుంది. అంతే కథ. అది చూడటానికి పిల్లలు ప్రహరీ గోడలెక్కేవాళ్ళు.

ఆ వేషమంటే నాకెందుకంత ప్రాణమో చెప్తాను. ఈ కంపెనీలోకి రాకముందు నాకిచ్చినవన్నీ ఏడుపు వేషాలే. మొగుడొదిలేసిన పెళ్ళాం, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, అత్త తరిమేసిన కోడలు. ఇంట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ కళ్ళు తుడుచుకున్నా ఎవరో చప్పట్లు కొడతారేమోనని తలెత్తి చూసేదాన్ని. అలాంటిదాన్ని గోనెపట్టా తోలు కట్టుకుని, కాగితం గుజ్జు తల తగిలించుకుని మొదటిసారి నోరారా గర్జించాను. బడంతా దద్దరిల్లింది. ఎంత హాయిగా ఉండిందో! ఆ తల పోతే నాకు మళ్ళీ ఏడుపే గతి.

ఆ హెడ్మాస్టరు నాటకం అయ్యాక బడి వెనక నేను తల తీసి మంచినీళ్ళు తాగుతుంటే చూశాడు.

"ఏమప్పా ఈశ్వరప్పా, ఆడమనిషి పులి అయితే పిల్లకాయలు యాల భయపడతారు? మగోడెవడూ దొరకలేదా నీకు?"

అప్పటిదాకా ఆయన బడి పిల్లలు గోడల మీంచి దిగలేక వణుకుతుండిన సంగతి ఆయన మర్చిపోయాడు. ఈశ్వరప్పన్నకు హెడ్మాస్టర్లంటే వణుకు. వాళ్ళు కాదంటే మైదానం లేదు, మైదానం లేకపోతే నాటకం లేదు. కుప్పం నుంచి కుప్పుస్వామిని పిలిపించాడు.

"వయసైతాండాది గదమ్మా బయ్యమ్మా, నువ్వు అవ్వ వేషం కట్టు. సక్కగా ఉంటాది" అన్నాడు నాతో.

"పులికి వయసు రాదా అన్నా?" అన్నాను. ఆయన హార్మోనియం మెట్లు తుడుచుకోసాగాడు.

కుప్పుస్వామి పద్యనాటకాల్లో రాజు వేషాలు వేసినవాడు. నడకలో రాజు, బీడీ తాగడంలో కూడా రాజే. ఒకసారి యుద్ధంలో చచ్చి పడి ఉంటే జనం వన్స్ మోర్ అన్నారట. లేచి, ఆ పద్యమే మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చాడట.

"వన్స్ మోర్ అన్నాక లెయ్యకుంటే వాడు కళాకారుడే కాదక్కా" అని నాతోనే గొప్పలు పోయాడు. పాపం, నాతో చెప్పి ఉండకూడదు.

కొత్త పులితో మొదటి ఆట కుప్పంలోనే, ఆయన సొంత ఊళ్ళో. మా కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. ఆట మొదలయ్యే ముందు అవ్వ వేషం కట్టినవాళ్ళు బుట్టలో ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు పెట్టుకుని పిల్లల మధ్యకు పోయి, తలా ఒకటి పంచి, వాళ్ళను కుదురుగా కూర్చోబెట్టాలి. నేనూ పోయాను.

"నాయనలారా, ఈ పొద్దు పులి శానా మంచిది. సచ్చిపడినాక వన్స్ మోర్ అని అరిస్తే లేసి మల్లా సస్తాది. ఎన్నిసార్లు అరిస్తే అన్నిసార్లు."

"నిజంగానా అవ్వా?"

"నా బుట్ట మీద ఒట్టు."

ఆట బాగానే సాగింది. బజ్జీ తిని పులి పడింది.  అంతలో మైదానం నాలుగు మూలలా "వన్స్ మోర్!" అని మోత. పులి తోక కదిలింది. కుప్పుస్వామి లేచి, రొమ్ము విరిచి, జనానికి దండం పెట్టాడు. పులి దండం పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. మళ్ళీ బజ్జీ పెట్టాను. మళ్ళీ గంతులు, మళ్ళీ పడటం. "వన్స్ మోర్!"

పక్కన హార్మోనియం దగ్గర ఈశ్వరప్పన్న నాకు కళ్ళతో సైగ చేస్తున్నాడు. నేనేం చేసేది? అవ్వను, బజ్జీ పెట్టడమే నా పని. కుప్పం ఎండ మాడ్చేస్తోంది, గోనెపట్టా ఆవిర్లు కక్కుతోంది.

"ఏమక్కా, ఆపక్కా వాళ్ళను" అని పులి లోపల్నుంచి గొణిగింది.

"మీ ఊరి పిల్లకాయలు ముచ్చటపడి అడగతాండారు. కాదంటే బాగుంటాదా?" అని ఇంకో బజ్జీ కుక్కాను.

చివరికి ఆయన చతికిలబడి, రెండు చేతులతో పులి తల ఊడబెరికి పక్కన పెట్టాడు. మా కంపెనీలో అంతకు మించిన తప్పు లేదు. పిల్లల ఎదుట పులి తల తీయకూడదు.

"రేయ్, మన కుప్పుస్వామి మామరా!" అని ముందు వరసలో ఎవడో అరిచాడు. ఇక నవ్వులే నవ్వులు. పులి అక్కడికక్కడే మాయమైంది, చెమటకు తడిసిన మీసాల మనిషి మిగిలాడు.

ఈశ్వరప్పన్న లేచి వచ్చి, ఆ తల తీసుకుని నా చేతుల్లో పెట్టాడు. "కానియ్ బయ్యమ్మా" అన్నాడు.

తోలు కట్టుకుని, తల తగిలించుకుని, గొంతు చించుకుని గర్జించాను. అప్పటిదాకా నవ్వినవాళ్ళు గోడ దాకా వెనక్కి జరిగారు. ఒక పంతులమ్మ కూడా జరిగింది. ఆ హెడ్మాస్టరు అక్కడ లేకపోయెనే అని ఎంత బాధపడ్డానో!

కానీ ఇప్పుడు అవ్వ కావాలి కదా. కుప్పుస్వామి నేను విప్పి పడేసిన అవ్వ తెల్లచీర చుట్టుకుని, బుట్ట చంకన పెట్టుకుని, నడుం వంచి వచ్చాడు. నవ్వుతూ నా నోట్లో బజ్జీ పెట్టాడు. పడ్డాను. అప్పుడాయన పిల్లలవైపు తిరిగి తీరిగ్గా, "ఏం పిల్లకాయలూ, ఈ పులికి వద్దా?" అన్నాడు.

"వన్స్ మోర్!"

అట్లా పులి నాకు దక్కింది, వన్స్ మోర్‌తో సహా. ఆ రోజునుంచి ఏళ్ళ తరబడి అవ్వ వేషం ఆయనదే, ఆట ముందు వేరుసెనక్కాయల బుట్టా ఆయనదే. ఏ ఊరికి పోయినా పిల్లల మధ్య కూర్చుని వాళ్ళ చెవుల్లో ఏమి ఊదేవాడో నాకు తెలియదనుకున్నాడు, దొంగసచ్చినోడు. పుంగనూరు బడిలో ఆ హెడ్మాస్టరు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచాడు. పులి నోట్లోంచి నేను చూశాను. నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ అరుపు విన్న ప్రతిసారీ కుప్పుస్వామి వంశాన్నంతా తిట్టుకునేదాన్ని.

తర్వాత టీవీలు వచ్చాయి. మదనపల్లెలో ఒక ఆదివారం సాయంత్రం ఆట పెట్టుకున్నాం. ఇదే ఆఖరని ఈశ్వరప్పన్న ముందే చెప్పేశాడు. కూర్చున్న కొద్దిమంది పిల్లలూ టీవీలో సినిమా వేళయ్యేసరికి ఒక్కొక్కరే జారుకున్నారు. అయినా ఆట ఆపలేదు. బజ్జీ పెట్టే చోటికి వచ్చాం. నేను ఎప్పటిలాగే గిరగిరా తిరిగి పడ్డాను.

ఎవరూ అరవలేదు. పులి నోట్లోంచి చూస్తే ఖాళీ చాపలు కనబడ్డాయి. అన్నేళ్ళు తిట్టుకున్న ఆ అరుపు కోసం చెవులు రిక్కించుకుని పడి ఉన్నాను. లేవబుద్ధి కాలేదు. నాకు చాలా దుఃఖమేసింది.

"వన్స్ మోర్!"

తల తిప్పి చూశాను. తెల్లచీరలో కుప్పుస్వామి, వంచిన నడుం నిటారుగా నిలబెట్టి, రాజులాగా నిలబడి ఉన్నాడు.

"లెయ్యక్కా. వన్స్ మోర్ అన్నాక లెయ్యకుంటే కళాకారుడే కాదు."

"నీ నోరు పడిపోను" అని మోకాళ్ళు పట్టుకుని లేచాను. ఈశ్వరప్పన్న మళ్ళీ హార్మోనియం అందుకున్నాడు. ఖాళీ చాపల మీదికి గర్జించాను. కుప్పుస్వామి బజ్జీ అందించాడు. నోట్లో పెట్టుకుంటే మెత్తగా తగిలింది. అది నిజం బజ్జీ, పచ్చిమిరపకాయతో సహా.

ఆట ముగిశాక తల తీస్తే మొహమంతా తడి.

"ఏడుస్తాండావా బయ్యమ్మా?" అన్నాడు ఈశ్వరప్పన్న.

"కారమన్నా" అన్నాను.