మెహందీ చేతులు

మరిది పెళ్లికి మోచేతులదాకా మెహందీ పెట్టించుకుని కూర్చున్నాక ఉమ్మే హానీకి తన తప్పు గుర్తొచ్చింది. కణంలో సరైన చోటికి కొత్త జన్యువును చేర్చాల్సిన డీఎన్ఏ వెక్టర్ డిజైన్‌లో ఒక చివరి ముక్కను తలకిందులుగా అతికించింది. అలాగే తయారైతే జన్యువు ఎటో పోతుంది. ల్యాబ్‌లో తనతో పనిచేసే ఎల్లేష్ ఈ సాయంత్రమే దాని తయారీకి ఆర్డరు పంపేస్తాడు.

లేవబోతే అత్త రాబియా భుజం నొక్కింది. "ఆరేదాక కదలకు, బేటీ."

ఫోను మోగింది. ఎల్లేషే.

"అమ్మీ, నా చెవికి పెట్టు, జల్దీ!" అని అత్తను తొందరపెట్టింది హానీ.

రాబియా తన చెవికే పెట్టుకుంది. "ఆఁ ఎల్లేష్ భాయ్! డిజైన్ సరేనా అంటవా? మా కోడలు చేసినంక తప్పెట్లయితది? పంపియ్, ఫికర్ చెయ్యకు."

ఫోను పెట్టేసి మురిసిపోయింది. "చూసినవా, నీ పని నేనే చేసిన."

హానీ బొటనవేలిని అత్త కొత్త దుపట్టాకే శుభ్రంగా తుడిచి, ఫోను లాక్కుంది.