దొర నడిచిన నీళ్ళు

పొద్దున్నే మరదలు చేసే మొదటి పని గాజుపెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని బెల్టు సందుల్లోంచి కుక్కబొచ్చు లాగడం. ఎంత లాగినా వస్తూనే ఉంటుంది. ఆ బొచ్చుతో ఈపాటికి ఓ పరుపు కుట్టొచ్చని వదిన ఎగతాళి చేస్తుంది. ఎగతాళే తప్ప చెయ్యి మాత్రం వెయ్యదు. కుక్కలకి నడక నేర్పే చోటు ఇద్దరిదీ. అందులో కుక్కల్ని నడిపించడం వదిన పని, నీళ్ళు మరదలివి. కాళ్ళు పడిపోయిన కుక్కల్నీ, ఆపరేషన్ అయిన కుక్కల్నీ ఆ పెట్టెలోకి దింపుతారు. గోరువెచ్చటి నీళ్ళు పొట్టదాకా వచ్చి వాటి బరువు మోస్తాయి, కింద బెల్టు మెల్లగా కదుల్తుంది, అవి మళ్ళీ నడక నేర్చుకుంటాయి. వాడిన నీళ్ళు ఫిల్టర్‌లోంచి పోయి, క్లోరిన్ తాగి, మళ్ళీ పెట్టెలోకొస్తాయి.

ఫిల్టర్ బొచ్చు కోసం. క్లోరిన్ క్రిముల కోసమూ, నడక కోసమూ. దిగిన కుక్క నడక ఆ నీళ్ళకి అంటుకుంటుంది మరి. కుంటికుక్క బయటికొచ్చాక మందు సరిగ్గా పడకపోతే, తర్వాత దిగింది కూడా అదే కాలు కుంటుతుంది. ఓసారి ముందుకాలి నొప్పితో వచ్చిన కుక్క వెనక్కాలు కూడా ఈడ్చుకుంటూ ఇంటికెళ్ళింది. "నీళ్ళు కడగలేదా ఏంటమ్మా?" అని దాని యజమాని చీవాట్లు పెట్టాడు. పెట్టడూ మరి!

కుంటు అంటుకున్నట్టే మంచి నడకా అంటుకుంటుంది కదా, బాగున్న కుక్కనొకదాన్ని ముందు దింపితే పోలా అంటారేమో. దింపి చూశారు. బాగున్న కుక్క ఆ పెట్టెలో ఒక్క నిమిషం నడవదు, బయటపడాలని గెంతుతుంది. గెంతిన నీళ్ళు గెంతడమే నేర్పుతాయి.

నడిచింది దొర ఒక్కడే. దొర మరదలి కుక్క. తల కాస్త ఎడమకి వంచి, అత్తారింట్లో కొత్తల్లుడిలా తీరిగ్గా నడిచేవాడు. నాలుగడుగులకోసారి ఆగి, గాజు పక్కన మరదలుందా లేదా అని చూసుకునేవాడు. కొత్త కుక్క ఏదొచ్చినా ముందు దొరే దిగేవాడు. ఆ నీళ్ళలో దిగి నడవని కుక్క లేదు.

దొర పోయిన రోజు కూడా పొద్దున్నే నడిచాడు. మధ్యాహ్నానికి లేడు. ఆ రోజు ఆ నీళ్ళలోకి ఇంకే కుక్కనీ దింపలేదు. సాయంత్రం నీళ్ళు కడగాల్సిన వేళకి మరదలికి చెయ్యి రాలేదు. పైపు పెట్టి ఆ నీళ్ళు నీలం డ్రమ్ములోకి లాగి, స్టోరు రూములో చీపుళ్ళ వెనక దాచింది. డ్రమ్ముకి చెవి ఆనిస్తే లోపల గోళ్ళ చప్పుడు, టక్ టక్ మని, నాలుగడుగులకోసారి ఆగుతూ. రోజూ భోజనం అయ్యాక వెళ్ళి వింటుంది. మందు వేస్తే నడక పోతుంది, వెయ్యకపోతే నీళ్ళు కుళ్ళుతాయి. అందుకని చిటికెడు వేస్తూ వచ్చింది. చిటికెడు ఏం సరిపోతుంది? ఈమధ్య నీళ్ళు పచ్చబడ్డాయి. ఊరందరి కుక్కల నీళ్ళూ కడిగే మనిషికి తన నీళ్ళు కడగడం చేతకాలేదు.

అలా ఉండగా ఓ రోజు డ్రైవరు బాబాయ్ మళ్ళీ తన కుక్కని చంటిపిల్లలా ఎత్తుకుని వచ్చాడు. దాని పేరు బంతి. ఆయన జీవితమంతా వ్యాను నడిపాడు, చీమకి కూడా దెబ్బ తగల్లేదని చెప్పుకునేవాడు. ఆఖరికి సొంత ఇంటి ముందు వెనక్కి తీస్తూ బంతి నడుం మీదికి ఎక్కించాడు. అప్పటికి ఎన్నిసార్లు దింపినా దాని వెనక్కాళ్ళు నీళ్ళలో గుడ్డపేలికల్లా తేలాయే గానీ కదల్లేదు.

"ఇవాళ కూడా అడుగెయ్యకపోతే సాయంత్రం సూది వేసేస్తానన్నాడమ్మా పశువుల డాక్టరు," అన్నాడాయన. "ఒళ్ళు పుళ్ళు పడుతోంది, ఇంకా బతికించడం పాపం అన్నాడు. నిజమే. కానీ నా చేత్తో ఒకసారి చంపాను కదమ్మా, మళ్ళీ నేనే తీసుకెళ్ళి..."

వదిన బెల్టు వేసి చూసింది. బంతి తేలింది, అంతే. ఆయన్ని బయట కూర్చోమని చెప్పి వదిన నిట్టూర్చింది. "దొర ఉండుంటే బాగుండేదే."

మరదలు చేతిలో బొచ్చు ఉండ నలుపుతూ నిలబడింది. తర్వాత అంది, "స్టోరు రూములో డ్రమ్ముంది వదినా."

మూత తీసి చూడగానే వదిన ముక్కు మూసుకుంది. "పిచ్చిమొహమా! ఇన్నాళ్ళూ దీన్ని దాచుకు కూర్చున్నావా?" అని అరిచి, మళ్ళీ తనే డ్రమ్ముకి చెవి ఆనించింది. టక్, టక్. లేచేసరికి గొంతు మారింది. "వాడే."

"పెట్టెలో పోద్దాం."

"ఈ పచ్చటి నీళ్ళా? దాని కుట్లు మొన్నేగా విప్పారు. నడక మాట దేవుడెరుగు, నడుం దగ్గర చీము పడుతుంది."

"కడుగుతాను."

"కడిగితే పోతుంది కదే."

"కొంచెం మిగిలేలా కడుగుతాను. మిగలకపోతే..." మరదలు కళ్ళు తుడుచుకుంది. "ఇలా ఉంచినా కుళ్ళిపోతుంది వదినా. రోజూ చూస్తూనే ఉన్నా."

ముందు బొచ్చూ పాచీ ఫిల్టర్‌లో తీసింది. తర్వాత క్లోరిన్, చెంచా తర్వాత చెంచా. ప్రతి చెంచాకీ డ్రమ్ముకి చెవి ఆనించింది. గోళ్ళ చప్పుడు తడిమట్టి మీద నడిచినట్టయింది, తర్వాత పక్కగదిలో నడిచినట్టయింది. నీళ్ళు శుభ్రపడ్డాయో లేదో చెప్పే పరీక్ష కాగితం ఇంకా మంచి రంగు చూపించలేదు. ఇంకో చెంచా వెయ్యాలి. దొరా, కాస్త ఓర్చుకోరా, అని వేసింది. కాగితం రంగు తిరిగింది. చెవి పెడితే ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి వింటే మాత్రం, ఎక్కడో, ఒక్క టక్.

పెట్టెలో గోరువెచ్చటి కొత్త నీళ్ళు పట్టి, పాలకి తోడు వేసినట్టు ఈ నీళ్ళు కలిపారు. డ్రైవరు బాబాయ్ బంతిని దింపి, గాజుకి అవతలివైపు నిలబడ్డాడు. ఇవతలివైపు మరదలు మోకాళ్ళ మీద కూర్చుంది, దొర నడిచినప్పుడు కూర్చునే చోటే.

బెల్టు కదిలింది. వెనక్కాళ్ళు తేలాయి. వదిన పెదవి కొరుక్కుంది. అప్పుడు బంతి తల కాస్త ఎడమకి వంగింది. ఎడమ వెనక్కాలు కిందికి దిగి బెల్టుని తాకింది, తర్వాత కుడికాలు. ఒకటి. ఇంకొకటి. తీరిగ్గా, తొందరేం లేనట్టు. నాలుగో అడుగుకి ఆగింది.

మరదలు తెలీకుండానే గాజు మీద అరచెయ్యి పెట్టింది. బంతి తల తిప్పి చూసింది. కానీ అటువైపు, డ్రైవరు బాబాయ్ వైపు. ఆయనున్నాడో లేడో చూసుకుని మళ్ళీ నడిచింది. నడక దొరదే. చూపు దానిది. మరదలు చెయ్యి మెల్లగా తీసేసింది. బాధా వేసింది, సంతోషమూ వేసింది, రెండూ నిజమే.

"డాక్టరుకి ఫోన్ చెయ్యండమ్మా, సూది వద్దని చెప్పండి," అంటూ ముసలాయన గాజుని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

బంతిని తుడుస్తుంటే వదిన గొంతు తగ్గించి, "ఈ నీళ్ళు మళ్ళీ డ్రమ్ములోకి తీద్దామా?" అంది. జన్మలో ఎవరినీ అంత మెత్తగా అడిగి ఉండదు.

మరదలు వంగి వింది. దొర టక్ టక్‌తో పాటు బంతి ఈడ్పూ కలిసిపోయింది. "వద్దు వదినా. తర్వాత వచ్చేది ఏ కాలెత్తాలో తెలీక పడిపోతుంది," అని క్లోరిన్ నిండుగా వేసి మోటారు ఆన్ చేసింది.

డ్రైవరు బాబాయ్ ఎత్తుకోబోతే బంతి ఒప్పుకోలేదు. ఆయన దాని నడుం కింద తువ్వాలు వేసి పట్టుకున్నాడు. అది తూలుతూ, తల ఎడమకి వంచి, గడప దాటింది. మరదలు ఖాళీ డ్రమ్ము తోముతూ ఆగి చెవి రిక్కించింది. వీధిలో గోళ్ళ చప్పుడు, టక్ టక్ మని, నాలుగడుగులకోసారి ఆగుతూ. డ్రమ్ములో ఆ చప్పుడు ఎప్పుడూ ఉన్నచోటే నడిచేది. ఇప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగింది.