మావగారి సోలెడు

బియ్యం కొలిచిన ప్రతిసారీ సుభద్రమ్మ వంటింటి గుమ్మంలోంచి గుర్తు చేస్తుంది. "మీ మావ సోలెడు మరిసిపోకే." మావగారు పోయి ఏళ్లు గడిచాయి. అయినా ఆయన వంతు కుండలో పడాల్సిందే. ఆ అన్నం మర్నాటికి చద్దన్నం అవుతుంది. కొడుకు ఎల్లాజీకి చద్ది పడదు, తల్లికి దగ్గు. ఇక ఇంట్లో మిగిలింది కోడలు పద్మకుమారి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె పొద్దుటి తిండి అదే.

ఆ రోజూ అదే తిని విజయనగరంలో ఆఫీసుకు వెళ్లింది. కాలేజీల రికార్డులు దాచే కంపెనీ. పాత సర్వర్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించి, ఇక్కడ ఏది మారినా అక్కడా మారేటట్టు అమర్చింది పద్మకుమారే. తీరా చూస్తే కొత్తదాని సైజు పాతదాంట్లో సగమే ఉంది. మేనేజర్ ధనరాజ్ ముఖం మాడ్చుకున్నాడు. డేటా పోగొట్టావన్నాడు, సాయంత్రంలోగా తేల్చకపోతే పని పక్క సీటు నాగబాబుకు అప్పగిస్తానన్నాడు. "ఆడోళ్లకి ద్యాసంతా వంటింటి మీదుంటాది" అని కూడా అన్నాడు.

పద్మకుమారికి ఒళ్లు మండింది. భయం మాత్రం వేయలేదు, తన పని తనకు తెలుసు. డేటా పట్టికలు ఒక్కొక్కటే తెరిచి రెండువైపులా రికార్డులు సరిచూసింది. ఒక్కటీ తగ్గలేదు. మరి పాతది ఎందుకంత ఉబ్బింది? చదువు ముగించి వెళ్లిపోయిన పిల్లల పేర్లు ఏటేటా తీసేస్తున్నారు. పేరు పోతోంది గానీ, అది కూర్చున్న చోటును ఆ సర్వర్ వదలడం లేదు. కొత్తదాంట్లోకి ఉన్నవాళ్లే వచ్చారు, పోయినవాళ్ల చోటు రాలేదు. పోయినవాళ్ల చోటు! ఆ మాట దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి. పొద్దున తిన్న చద్ది పులుపు ఇంకా నోట్లోనే ఉంది.

ధనరాజ్‌ను పిలిచి అన్నీ చూపించింది.

"పోయిందేటీ లేదు సార్, తగ్గింది ఖాళీయే. రిపోర్టు మీద నా పేరే ఉండాల."

అతను వెతికి వెతికి, తప్పు దొరక్క సరేనన్నాడు.

ఆ సాయంత్రం బియ్యం కొలిచి డబ్బా మూత పెట్టేసింది. సుభద్రమ్మ కంట పడనే పడింది.

"మీ మావ సోలెడేదే?"

"మావ మన మనసులో ఉన్నాడత్తా. కుండలో లేడు."

ముసలామె కొడుకు వైపు చూసింది. టీవీ ముందు నుంచి ఎల్లాజీ లేచొచ్చాడు.

"అమ్మ తృప్తి కోసం సోలెడు బియ్యం పడితే ఏటి నష్టం?"

"ఆ నష్టం రోజూ తింటన్నది నేను, బావా."

మర్నాడు పద్మకుమారి వేడన్నం తిని ఆఫీసుకు వెళ్లింది.