పరాయి ఆడపడుచు

మొగుడు పోయిన ఏడాదికి బుడ్డమ్మ ఆస్పత్రి లాండ్రీలో పని మానేసింది. సోడా నీళ్ళలో నానీ నానీ వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. తడి దుప్పటి ఎత్తితే భుజం పట్టేసేది. పిల్లలు లేరు. ఊళ్ళో లారీలు బాగుచేసే మొగుడు ఉన్నన్నాళ్ళూ వాళ్ళ అద్దెగది నిండా మాటలే. ఇప్పుడు పొద్దున లేస్తే పలకరించే దిక్కు లేదు. ఒకరోజు గది తాళం ఇంటివాళ్ళ చేతిలో పెట్టి, రెండు సంచులతో బస్సెక్కి, ఏటి అవతల తాను పుట్టిన పేటకు వెళ్ళిపోయింది. అక్కడ చనిపోయిన అమ్మ ఇల్లు ఖాళీగా పడి ఉంది.

ఒకప్పుడు ఆమె జనానిది ఆ చుట్టుపట్ల అడవంతా. ఓడల్లో వచ్చిన తెల్లదొరలు కలప కోసం అడవిని తీసుకుని, జనాన్ని ఏటి అవతలికి తోసి, నాలుగు వైపులా రాళ్ళు పాతి, మీ చోటు ఇంతే అన్నారు. ఎవరు పేట మనిషో, ఎవరు కాదో కూడా వాళ్ళే తేల్చారు. పేట మగవాడు బయటి పిల్లను చేసుకుంటే ఆ పిల్ల పేట మనిషైపోతుంది. పేట పిల్ల బుడ్డమ్మలా బయటివాణ్ణి చేసుకుంటే మాత్రం ఆ పూటతో పరాయిదైపోతుంది. దొరలు రాకముందు అల్లుడే అత్తవారింటికి వచ్చేవాడట, ఇల్లు తల్లి నుంచి కూతురికి దక్కేదట. ఆ సంగతి ముసలమ్మల నోటనే మిగిలింది. దొరలు ఎప్పుడో వెళ్ళిపోయారు. వాళ్ళ కట్టడి మాత్రం పేటలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఇప్పుడు పేట పెద్ద బుడ్డమ్మ తమ్ముడే. చిన్నప్పుడు ఆమె చంక దిగనివాడు. అక్కను చూడగానే వాడి మొహం విప్పారింది, అంతలోనే ముడుచుకుంది.

"కొన్నాళ్ళుండక్కా. చుట్టానివేగా, ఎవరూ ఏమనరు."

చుట్టానివన్న మాట ఆమెకు చివుక్కుమంది. పైకి నవ్వేసి చీపురు అందుకుంది. పైకప్పు రేకు చిల్లికి తారు పూసింది. వానకు ఉబ్బి బిగుసుకున్న తలుపును చిత్రిక పట్టించింది. ఇల్లు ఇల్లయింది గానీ గడప తొక్కేవాళ్ళు లేరు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బాగున్నావా అంటే బాగున్నావా అని, బిందె నిండగానే వెళ్ళిపోయేవారు. పైగా ముప్పయ్యేళ్ళు ఊరి భాషే మాట్లాడిన నోటికి పేట మాటలు తిరిగేవి కావు. ఒకరోజు ఏరు పొంగిందనబోయి ఇంకేదో అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. పక్కనే ఉన్న మరదలు, తమ్ముడి భార్య, ఠక్కున ఆ మాట సరిదిద్ది, వెంటనే నాలుక కరుచుకుంది.

మరదలు ఊరి పిల్ల. పెళ్ళైన కొత్తలో పేటలో ఒక్క ముక్క అర్థంకాక మూలన కూర్చుని ఏడుస్తుంటే, అప్పటికింకా పెళ్ళికాని బుడ్డమ్మే పక్కన చేరి ఒక్కో మాటా నేర్పింది.

"ఏమనుకోకు వదినా. నువ్వు నేర్పిన మాటే అది."

"అనుకునేదేముందే. పంతులమ్మే ఫెయిలైంది," అంది బుడ్డమ్మ. ఇద్దరూ నవ్వారు. ఇంటికొచ్చాక ఆమె ఆ మాటను తనలో తానే ఎన్నిసార్లు అనుకుందో.

వానలు వెనకబట్టాక పేటలో ఒక కుర్రాడు ఊరి పిల్లను పెళ్ళి చేసుకొచ్చాడు. కాపురానికి చోటు లేదు. పెద్దలు బుడ్డమ్మ వాళ్ళమ్మ ఇంటిని వాళ్ళకివ్వాలనుకున్నారు. ఆ మాట చెప్పడానికి అందరినీ పేట మీటింగు హాలుకు పిలిచారు.

బుడ్డమ్మ లేచి నిలబడింది. "నేను ఆ ఇంట్లోనే పుట్టాను. నేనుండగా దాన్ని ఖాళీ ఇల్లంటారేంటి?"

"నీ మీద కోపం లేదమ్మా," అన్నాడు ఒక ముసలాయన, నిజంగానే జాలిగా. "నిన్ను రానిస్తే బయటికెళ్ళిన ఆడపిల్లలందరూ వస్తారు. ఉన్న చోటు ఇంతేనాయె."

వెనక వరసలోంచి మరదలు లేచింది. "నేను బయటి నుంచి వచ్చినదాన్నేగా. నన్నుంచుకుని వదినని పొమ్మంటున్నారు. ఇదేం లెక్క?"

తమ్ముడు నేల చూపులు చూస్తూ, "అక్క బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే వెనకగదిలో ఉండొచ్చు. కాకపోతే... పోయాక పేటలో పూడ్చడానికి కుదరదు. అది కట్టడి," అన్నాడు.

"బతికుండగా వెనకగది, పోయాక అదీ లేదు. అంతేగా?"

ముసలాయన మెల్లగా తలూపాడు. బుడ్డమ్మ కొంగు సర్దుకుంది. "ఆయన ఊరి శ్మశానంలో ఒక్కడే ఉన్నాడులే. నేనటే పోతాను."

ఇల్లు అప్పగించే రోజున కొత్తకోడలు పెట్టె పట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోయింది. బెదురు చూపుల పిల్ల. బుడ్డమ్మే చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళింది. పొయ్యి ఎటు గాలి వీస్తే పొగ చిమ్ముతుందో, ఏరు పొంగితే నీళ్ళు ఏ గోడ దాకా వస్తాయో చూపించింది.

"ఇది మీ ఇల్లా అండీ?" అంది ఆ పిల్ల గొంతు తగ్గించి.

"మా అమ్మది. జాగ్రత్తగా చూసుకో. భాష రాకపోతే సిగ్గుపడకు, మా మరదల్ని అడుగు."

తమ్ముడు సంచులు మోస్తూ వంతెన దాకా వచ్చాడు. అక్కడ సంచులు దించి, "నన్ను తిట్టక్కా," అన్నాడు.

"తిడదామనే ఉందిరా. మన భాషలో తిట్లే గుర్తు రావడం లేదు."

వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆమె వాడి చెంప ఒకసారి నిమిరి, సంచులందుకుని వంతెన దాటింది.

ఊళ్ళో పాత గదిలో ఎవరో చేరిపోయారు. ఆ వీధిలోనే ఒక మేడమీద చిన్న గది దొరికింది. మరదలు వీలు చిక్కినప్పుడల్లా వస్తుంది. వచ్చిన రోజు పొద్దు వాలేదాకా ఇద్దరూ పేట మాటల్లోనే కబుర్లు చెప్పుకుంటారు. ఆమె బస్సెక్కాక ఆ మాటలు తెలిసినవాళ్ళు ఆ వీధి మొత్తంలో ఎవరూ ఉండరు. అయినా బుడ్డమ్మ వాటిని పైకే అనుకుంటూ, తనవే నాలుగు బట్టలు మడతపెట్టుకుంటుంది.